ముట్టని ట్రే: నర్సింగ్ చదువులో పోషకాహార పాఠం ఎక్కడ జారిపోతోంది

మధ్యాహ్నం పన్నెండున్నర. వార్డులోకి భోజనం బండి వచ్చింది. మంచం పక్క బల్ల మీద ట్రే పెట్టేసి బండి ముందుకు కదిలింది. పేషెంటుకు డెబ్బై దాటాయి. కుడిచేతికి క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సన్నని గొట్టం), దాని చుట్టూ బ్యాండేజీ. బల్లేమో చేతికి అందనంత దూరంలో ఉంది. గిన్నె మీద ప్లాస్టిక్ మూత బిగించి ఉంది. కట్టుడు పళ్లు సొరుగులో, డబ్బాలో ఉన్నాయి. నలభై నిమిషాల తర్వాత అదే బండి తిరిగొచ్చి, మూత కూడా తియ్యని గిన్నెతో సహా ట్రేని పట్టుకుపోయింది. సాయంత్రం ఛార్టులో మాత్రం ‘డైట్: నార్మల్’ అని ఉంది.

ఇది ఏ ఆసుపత్రిలోనైనా కనిపించే దృశ్యమే. ఆ నలభై నిమిషాల్లో మంచం పక్కనుంచి నర్సింగ్ విద్యార్థులు చాలాసార్లే తిరిగి ఉంటారు. వాళ్లలో ఎవర్ని ఆపి అడిగినా గ్రాము ప్రొటీన్‌కు 4 కిలోక్యాలరీలు, గ్రాము కొవ్వుకు 9 అని తడుముకోకుండా చెబుతారు. బెరిబెరి ఏ విటమిన్ తగ్గితే వస్తుందో, స్కర్వీ దేని లోపమో చెబుతారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ పెద్దాయనకు ఆ పూట కావలసింది గిన్నె మూత తీసిపెట్టే మనిషి.

నర్సింగ్ చదువులో పోషకాహారం అనగానే ఎక్కువగా ఆహారంలోని రసాయనాల గురించే చెబుతారు. తిండి మనిషి నోటిదాకా ఎలా చేరుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది చెప్పడం తక్కువ. ఈ రెండోది నర్సు పని. మొదటిది తెలియాల్సిందే, కాకపోతే దాన్ని నర్సు కంటే బాగా తెలిసిన డైటీషియన్ ఆసుపత్రిలో ఉంటారు. డైటీషియన్ రోజులో ఒకసారి వస్తారు, కొన్నిచోట్ల పిలిస్తేనే వస్తారు. డాక్టర్ రౌండ్స్‌లో కాసేపు కనిపిస్తారు. మూడు పూటలా, రాత్రి పూట కూడా, మంచం దగ్గర ఉండేది నర్సే. పేషెంటు ఏం తిన్నాడో, ఏం వదిలేశాడో, ఎందుకు వదిలేశాడో చూడగలిగే చోట ఉన్నది ఆ ఒక్కరే. ఆ చూపు అలవడకపోతే పుస్తకంలో ఎన్ని పట్టికలు బట్టీ పట్టినా వార్డులో అక్కరకు రావు.

ఈ సంగతి కొత్తదేమీ కాదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో ప్రచురించిన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’లో తిండి గురించి రెండు అధ్యాయాలున్నాయి. ఒకటి ఏం పెట్టాలన్నది, ఇంకొకటి ఎలా తినిపించాలన్నది. చుట్టూ అన్నీ ఉండి కూడా, తినిపించే పద్ధతి మీద శ్రద్ధ లేక ఏటా వేలమంది రోగులు పస్తులుంటున్నారని ఆమె అందులో వాపోయింది. తినకుండా వదిలేసిన పళ్లేన్ని మళ్లీ పూటదాకా రోగి పక్కనే ఉంచొద్దని కూడా చెప్పింది. విటమిన్లకు ఆ పేరైనా పుట్టని కాలం అది. రసాయనం తెలియకపోయినా ట్రే ఎందుకు వెనక్కి వస్తోందో ఆమెకు తెలుసు. ఆ తర్వాత రసాయనం బోలెడంత తెలిసింది. ట్రే మాత్రం అలాగే వెనక్కి వస్తోంది.

1974లో చార్లెస్ బటర్‌వర్త్ అనే అమెరికన్ వైద్యుడు రాసిన వ్యాసం ఈ విషయంలో మైలురాయి. ఆసుపత్రిలో చేరాక, అక్కడి పద్ధతుల వల్లే మనుషులు ఎలా చిక్కిపోతున్నారో ఆయన ఒక జాబితాగా చెప్పాడు. ఎత్తు, బరువు రాయకపోవడం. ఎవరి బాధ్యత ఏదో తేలకపోవడం. రోజుల తరబడి సెలైన్, గ్లూకోజ్‌ల మీదే నెట్టుకురావడం. పేషెంటు ఎంత తిన్నాడో ఎవరూ చూడకపోవడం. పరీక్షల పేరు చెప్పి భోజనం ఆపేయడం. ఈ జాబితాలో పెద్ద పెద్ద పరికరాలు కావలసినవి ఏమీ లేవు. సగానికి పైగా నర్సింగ్ డ్యూటీ పరిధిలోవే. అందుకే నర్సింగ్ తరగతిలో ఈ జాబితాను బోర్డు మీద రాసి, నిన్న వార్డులో వీటిలో ఎన్ని చూశారని అడిగితే, ఒక పూట క్లాసు దానంతట అదే నడుస్తుంది.

ఇరవై ఏళ్ల తర్వాత, 1994లో, స్కాట్లాండ్‌లోని డండీలో 500 మంది పేషెంట్లను చేరిన రోజే పరిశీలించారు. వాళ్లలో 200 మంది, అంటే నూటికి 40 మంది, అప్పటికే పోషకాహార లోపంతో ఉన్నారు. ఆ 200 మందిలో 96 మంది కేసుషీట్లలో మాత్రమే తిండి గురించి ఏదో ఒక వివరం రాసి ఉంది. మిగతా వాళ్ల విషయంలో ఆ ప్రస్తావనే లేదు. డిశ్చార్జి నాటికి మళ్లీ చూడగలిగిన వాళ్లు సగటున ఇంకో 5.4 శాతం బరువు తగ్గారు. ఇది కరువు ప్రాంతపు లెక్క కాదు, సౌకర్యాలన్నీ ఉన్న ఆసుపత్రి లెక్క.

చూస్తే తెలియని లోపం

విద్యార్థుల మనసులో పోషకాహార లోపం అంటే ఎముకలు తేలిన పిల్లవాడి బొమ్మ. పాఠ్యపుస్తకంలో ఉన్నది ఆ బొమ్మే. పిల్లల విషయంలో అది అవసరమైనదే. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల భుజానికీ మోచేతికీ మధ్య చేతి చుట్టుకొలత 115 మిల్లీమీటర్ల కంటే తగ్గితే తీవ్రమైన లోపంగా లెక్కిస్తారు. ఆ కొలిచే టేపును చేతిలోకి తీసుకుని ఒక్కసారైనా కొలవని విద్యార్థికి ఆ అంకె రెండు వారాలు కూడా గుర్తుండదు. పాదాల మీద బొటనవేలితో కాసేపు నొక్కి, గుంట పడుతుందో లేదో చూడటం కూడా అంతే. ఒళ్లు నిండుగా కనిపిస్తున్న బిడ్డ నిజంగా బొద్దుగా ఉన్నాడా, లేక నీరు పట్టి ఉన్నాడా అన్నది ఆ ఒక్క నొక్కుతో తేలిపోవచ్చు.

పెద్దవాళ్లలో కన్ను ఇంకా ఎక్కువ మోసపోతుంది. ఒక లెక్క చూద్దాం. ఎత్తు 165 సెంటీమీటర్లు, ఇప్పటి బరువు 61 కిలోలు. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) 22.4. పట్టికలో చూస్తే చక్కగా నార్మల్. విద్యార్థి అక్కడితో పెన్ను మూసేస్తాడు. కానీ నాలుగు నెలల కిందట మీ బరువెంత అని అడిగితే 68 అని జవాబు వచ్చింది. తగ్గింది 7 కిలోలు, అంటే 10.3 శాతం. ఆసుపత్రుల్లో విరివిగా వాడే ‘మస్ట్’ అనే స్క్రీనింగ్ పద్ధతిలో మూడు నుంచి ఆరు నెలల్లో అనుకోకుండా 10 శాతానికి మించి తగ్గితే 2 మార్కులు. మొత్తం 2 వచ్చినా, అంతకు మించినా రిస్కు ఎక్కువని అర్థం. బీఎంఐ సున్నా మార్కులే తెచ్చినా, ఆ ఒక్క ప్రశ్నతో పేషెంటు డైటీషియన్‌కు చూపించాల్సిన వరసలోకి వచ్చేశాడు.

ఆ ప్రశ్న ఎలా అడగాలన్నదే పాఠం. ‘బరువు తగ్గారా’ అంటే చాలామంది ‘లేదు’ అనేస్తారు. ఎప్పుడో తూగిన బరువు గుర్తుండదు. బట్టలు వదులయ్యాయా, బెల్టు ఇంకో కంతకు వచ్చిందా, ఉంగరం జారుతోందా అని అడిగితే జవాబు వస్తుంది. ఇంటివాళ్లు పక్కనుంచి అందుకుని చెబుతారు. లేచి నిలబడలేని పేషెంటు ఎత్తు తెలియకపోతే మోచేయి నుంచి మణికట్టు దాకా కొలిచి అంచనా వేసే పద్ధతి ఉంది. దీన్ని తరగతిలో ఒకరి చేతిని ఒకరు కొలిచి నేర్చుకోవడానికి పావుగంట చాలు.

లావుగా ఉన్న పేషెంటు మీద ఇంకో పొరపాటు జరుగుతుంది. ‘నాలుగు రోజులు తినకపోతే ఏమవుతుందిలే, నిల్వ ఉందిగా’ అన్న మాట స్టాఫ్ నోటి వెంట వినబడుతుంటుంది. ఒంట్లో కొవ్వు ఉండటం వేరు, కండ ఉండటం వేరు. జ్వరం, ఇన్ఫెక్షన్, ఆపరేషన్ దెబ్బ ఉన్నప్పుడు శరీరం కొవ్వుతో సరిపెట్టుకోదు, కండను కరిగిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను 10 రోజులు మంచం మీదే ఉంచి చూసిన ఒక అధ్యయనంలో కాళ్ల కండ దాదాపు ఒక కిలో తగ్గింది. జబ్బు లేకుండానే అంత తగ్గితే, జబ్బుతో తిండి మానేసినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

పాత నోట్సుల్లో ఇప్పటికీ కనిపించే ఇంకో మాట, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తగ్గితే పోషకాహారం తగ్గినట్టే అని. ఆల్బుమిన్ ముఖ్యంగా ఇన్‌ఫ్లమేషన్ (జబ్బుకో గాయానికో శరీరం చూపే వాపు స్పందన) వల్ల పడిపోతుంది. ఒంట్లో ఆ స్పందన ఉందని, పేషెంటు పరిస్థితి విషమంగా ఉందని అది చెబుతుంది తప్ప, తిండి ఎంత అందుతోందో చెప్పే కొలత కాదని నిపుణుల సంఘాలు స్పష్టంగానే చెప్పాయి. సిలబస్ నుంచి ఒక వాక్యం కొట్టేయడం కొత్త అధ్యాయం చేర్చడం కన్నా కష్టం కాబోలు.

డ్రిప్ ఎక్కుతోంది కదా అన్న ధీమా

బటర్‌వర్త్ జాబితాలోని సెలైన్ సంగతి దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే పేషెంట్లకూ బంధువులకూ ఉన్న అపోహ విద్యార్థుల్లో కూడా ఓ మూల ఉంటుంది. స్టాండుకు సీసా వేలాడుతుంటే ‘బలానికి ఎక్కిస్తున్నారు’ అనిపిస్తుంది.

తరగతిలో లెక్క వేయించాలి. 5 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) లీటరు సీసాలో ఉండేది 50 గ్రాముల డెక్స్‌ట్రోజ్. అంటే సుమారు 170 కిలోక్యాలరీలు. రోజుకు మూడు లీటర్లు ఎక్కించినా 510 దగ్గర ఆగిపోతుంది. ప్రొటీన్ సున్నా. మామూలు పెద్ద మనిషి అవసరంలో అది నాలుగో వంతు నుంచి మూడో వంతు. ఇక నార్మల్ సెలైన్‌లో క్యాలరీలే లేవు, లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంది. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన రాయగానే తరగతి ఒక్క క్షణం నిశ్శబ్దమవుతుంది. డ్రిప్ అవసరం లేదని కాదు. నీళ్లూ లవణాలూ ప్రాణం నిలబెడతాయి. అది భోజనం కాదు, అంతే.

ఆపరేషన్ కోసం కడుపు ఖాళీగా ఉంచడం కూడా ఇలాంటిదే. ముందే అనుకుని చేసే ఆపరేషన్లకు తేలికపాటి ఆహారమైతే 6 గంటలు, తేటగా ఉండే ద్రవాలైతే 2 గంటల ముందు వరకు ఇవ్వొచ్చని మత్తు వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. వార్డులో జరిగేది మాత్రం ‘అర్ధరాత్రి నుంచి ఏమీ ఇవ్వొద్దు’ అన్న బోర్డు. పొద్దున్న లిస్టులో ఉన్న కేసు మధ్యాహ్నానికి జరుగుతుంది, సాయంత్రానికి రేపటికి వాయిదా పడుతుంది. రాత్రి కిచెన్ మూసేశాక ఆ వార్త వార్డుకు చేరుతుంది. రేపు మళ్లీ అర్ధరాత్రి నుంచి ఉపవాసం. ఏ ఒక్కరూ తప్పు చేయకుండానే మనిషి ముప్పై గంటలు పస్తున్నాడు. థియేటర్‌కు ఫోన్ చేసి ‘ఈ పేషెంటుది ఎన్నింటికి? వాయిదా అయితే ఇప్పుడే చెప్పండి, తినిపిస్తాం’ అని అడగడం నర్సు చేయగలిగిన పని. అడగడానికి ధైర్యం కావాలి, ముఖ్యంగా జూనియర్‌కు. ఆ ఫోన్ సంభాషణను తరగతిలో ఇద్దరు విద్యార్థులతో ఆడించి నేర్పించవచ్చు.

ఎక్కువ రోజులు తినని మనిషికి ఒక్కసారిగా తినిపించడం ప్రమాదమన్నది దీనికి రెండో కొస. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, ఆకలితో మాడిన ఖైదీలు విడుదలై తిండి తిన్నాక కొందరు చనిపోవడం వైద్యులు చూశారు. దాన్ని ఇప్పుడు రీఫీడింగ్ సిండ్రోమ్ అంటున్నారు. పస్తులున్న శరీరంలోకి పిండిపదార్థం రాగానే ఇన్సులిన్ ఎగసి, రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె లయ తప్పవచ్చు, ఊపిరి అందకపోవచ్చు. అందుకే ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చి, కొద్దికొద్దిగా మొదలుపెట్టి, రక్త పరీక్షలు చూస్తూ పెంచుతారు. థయమిన్ అనగానే ‘బెరిబెరి’ అని రాసే విద్యార్థికి, అదే విటమిన్ వార్డులో ఎక్కడ ప్రాణం కాపాడుతుందో ఇక్కడ తెలుస్తుంది. మొదటి సంవత్సరం బట్టీ పట్టిన ముక్క మూడో సంవత్సరంలో ఇలా మళ్లీ తగలాలి. చాలా కోర్సుల్లో తగలదు. పోషకాహారం ఒక పేపరు, అది పాసైతే అయిపోయినట్టే.

ఆకలి కోపం తెప్పిస్తుంది

వార్డులో ‘విసిగించే పేషెంటు’ అని పేరుపడ్డవాళ్లు ఉంటారు. అరుస్తారు, ట్యూబు లాగేసుకుంటారు, లేదంటే గోడవైపు తిరిగి పడుకుంటారు. 1944 చివర్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. వాళ్లు స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. 24 వారాలు సగం కడుపు తిండి పెట్టారు. బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది. మనస్తత్వంలో వచ్చిన మార్పు ఇంకా ఆశ్చర్యం. చిరాకు, దిగులు, ఎవరితోనూ కలవకపోవడం, రోజంతా తిండి గురించే ఆలోచన. ముందు హాయిగా ఉన్న కుర్రాళ్లే వాళ్లు.

దీన్ని చరిత్ర పాఠంగా చెబితే సరిపోదు. చిరాకు పడుతున్న పేషెంటు దగ్గరికి వెళ్లేముందు, మూడు రోజుల తిండి ఛార్టు చూసి వెళ్లే అలవాటు దీనివల్ల రావాలి. కొందరికి కావలసింది మానసిక వైద్యుడే కావచ్చు. కొందరికి ముందు భోజనం కావాలి.

చేతులతో నేర్చుకోవాల్సింది

తినిపించడం అనేది నర్సింగ్ పనుల్లో అందరూ చిన్నచూపు చూసేది. ఇంజెక్షన్ ఇవ్వడం, క్యాథెటర్ వేయడం నేర్చుకుంటే ‘స్కిల్’. తినిపించడం సహాయకులకో బంధువులకో వదిలేసే పని. సిలబస్ ఆ మాట ఎక్కడా అనదు. కానీ సీనియర్లు దేనికి పరుగెత్తుతారో, దేన్ని పక్కకు నెడతారో చూసి విద్యార్థులు అదే నేర్చుకుంటారు. రాసి ఉన్న సిలబస్ కంటే ఇలా అంటుకునేదే బలంగా అంటుకుంటుంది.

దీన్ని తిప్పికొట్టే తేలికైన పద్ధతి ఒకటుంది. ఇద్దరిద్దరు విద్యార్థుల్ని కూర్చోబెట్టి ఒకరి కళ్లకు గుడ్డ కట్టి, చేతులు కదపకూడదని చెప్పి, రెండోవారితో తినిపించాలి. పది నిమిషాలు. చెంచా ఎప్పుడొస్తుందో తెలియదు. నోట్లో ఉన్నది మింగకముందే ఇంకో చెంచా పెదవికి తగులుతుంది. వేడిదో చల్లదో తెలియదు. నిలబడి తినిపిస్తుంటే మెడ పైకెత్తాల్సి వస్తుంది, ఆ భంగిమలో మింగడం కష్టమని గొంతుకే తెలుస్తుంది. ఎవరో ఒకరికి పొలమారుతుంది. మింగడంలో ఇబ్బంది ఉన్న పేషెంటుకు నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి ఉంచి, ఎదురుగా కూర్చుని, ఒక ముద్ద పూర్తిగా మింగాకే రెండోది పెట్టాలన్న నియమాల్ని ఆ తర్వాత బోర్డు మీద రాస్తే, అవి నియమాల్లా కనిపించవు. పది నిమిషాల కిందట ఒంటికి తెలిసినవే.

ద్రవాలను, మెత్తటి ఆహారాన్ని ఎంత చిక్కగా ఇవ్వాలన్నది కూడా ఇప్పుడు అంచనాకు వదలడం లేదు. 0 నుంచి 7 వరకు ఎనిమిది స్థాయిలున్న అంతర్జాతీయ పద్ధతి ఉంది. 10 మిల్లీలీటర్ల సిరంజిలో ద్రవం పోసి, 10 సెకన్లలో ఎంత జారిందో చూసి స్థాయిని తేలుస్తారు. సిరంజి, గడియారం ఉంటే చాలు. ల్యాబ్‌లో ఒక గంట చేస్తే జన్మలో మరచిపోరు.

ముక్కు ద్వారా వేసే ఫీడింగ్ ట్యూబు దగ్గర మాత్రం సడలింపు పనికిరాదు. ట్యూబులోకి గాలి పంపి, పొట్ట మీద స్టెతస్కోప్ పెట్టి ‘బుస్’మన్న శబ్దం వింటే చాలునని పాత తరం నేర్చుకుంది. ట్యూబు ఊపిరితిత్తుల్లో ఉన్నా ఆ శబ్దం వినబడవచ్చు. వెనక్కి లాగిన ద్రవం పీహెచ్ (ఆమ్ల గుణం ఎంతుందో చెప్పే కొలత) 5.5 గానీ అంతకు తక్కువ గానీ ఉందా అని చూడాలి, అనుమానం ఉంటే ఎక్స్‌రే. తల వైపు మంచం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి. ఇదంతా విధాన పత్రాల్లో ఉన్నదే. అయినా పాత పద్ధతి చేతి నుంచి చేతికి దిగుతూనే ఉంది, ఎందుకంటే విద్యార్థి వార్డులో సీనియర్‌ని చూసి నేర్చుకుంటాడు. సీనియర్లకు ముందు నేర్పకుండా జూనియర్లకు నేర్పడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

మందు, భోజనం, గడియారం

మందుల పాఠం వేరు, ఆహారం పాఠం వేరు అన్నట్టు రెండు వేర్వేరు పీరియడ్లలో చెప్పడం వల్ల ఈ రెండూ కలిసే చోట గండి పడుతుంది. భోజనానికి ముందు ఇన్సులిన్ ఇచ్చారు. ఆ పూట ట్రే ముప్పావుగంట ఆలస్యంగా వచ్చింది. లేదా వచ్చే సమయానికి పేషెంటును స్కానింగ్‌కు తీసుకెళ్లారు. చెమటలు, వణుకు, మాటలో తడబాటు. షుగర్ 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే, స్పృహలో ఉండి మింగగలిగిన మనిషికి 15 గ్రాముల త్వరగా అరిగే చక్కెర ఇచ్చి 15 నిమిషాలకు మళ్లీ చూడాలన్న సూత్రం విద్యార్థులందరికీ వచ్చు. ట్రే వచ్చిందా లేదా చూశాకే సిరంజి పట్టుకోవాలన్నది అంతకంటే ముందు రావాల్సిన సూత్రం.

థైరాయిడ్ మాత్రను ఐరన్, క్యాల్షియం మాత్రలతో కలిపి ఒకే కప్పులో పెట్టివ్వడం ఇంకో మామూలు పొరపాటు. వాటి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మందు సరిగ్గా ఒంటబట్టదు.

వార్ఫరిన్ విషయంలో సలహానే తలకిందులవుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఈ మాత్ర వాడేవాళ్లకు ‘ఆకుకూరలు మానేయండి’ అని చెప్పి పంపించేస్తారు. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంది, అది మందుకు ఎదురు పనిచేస్తుంది, నిజమే. కానీ కావలసింది మానేయడం కాదు, వారం వారం దాదాపు ఒకే మోతాదులో తినడం. ఒక నెల పూర్తిగా మానేసి, తర్వాత ఒక్కసారిగా ఎక్కువ తింటేనే మందు మోతాదు గతి తప్పుతుంది. ‘మానేయండి’ అనడం తేలిక, ‘ఒకేలా తినండి’ అని అర్థమయ్యేట్టు చెప్పడం కష్టం. నర్సుకు నేర్పాల్సింది ఆ కష్టమైన వాక్యమే.

చెప్పడం గురించి ఇంకో మాట. పేషెంటుకు సలహా చెప్పి ‘అర్థమైందా అమ్మా?’ అని అడిగితే, ‘ఆఁ, అయింది’ అంటుంది. ఎవరైనా అంతే అంటారు. ‘నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటానమ్మా, ఇంటికెళ్లాక ఈ మాత్ర ఎప్పుడు, ఏం తిన్నాక వేసుకుంటారో ఒకసారి చెప్పండి’ అంటే అసలు సంగతి బయటపడుతుంది. పరీక్ష పేషెంటుకు కాదు, చెప్పిన నర్సుకు అన్నట్టు ఉంటుంది గనక ఆమెకు చిన్నతనం అనిపించదు.

సలహాలు దంచేముందు విద్యార్థులు తమ తిండి తాము చూసుకోవడం మంచిది. నిన్న పొద్దున్న లేచినప్పటి నుంచి ఏం తిన్నావో చెప్పు అని ఒకరినొకరు అడిగి రాసుకునే అభ్యాసం అన్ని కోర్సుల్లోనూ ఉంటుంది. రాసింది లెక్కవేసి మార్కులు వేయడంతో ఆపేస్తే దాని విలువ పోతుంది. మొదటిసారి చెప్పినప్పుడు ఏం మరచిపోయారో వెతికించాలి. కాఫీలో చక్కెర, నడుస్తూ నోట్లో వేసుకున్న చిరుతిండి, వంటలో నూనె ఎప్పుడూ తప్పిపోతాయి. చదువుకున్న తామే ఇన్ని మరచిపోతే, పేషెంటు చెప్పిన దాంట్లో తేడా ఉంటే అబద్ధమాడుతున్నాడని అనుకోకూడదని అప్పుడు తెలుస్తుంది. నైట్ డ్యూటీ చేసేవాళ్లు రాత్రి రెండింటికి ఏం తింటున్నారో, భోజనం ఎన్నిసార్లు ఎగ్గొడుతున్నారో కూడా ఇందులో బయటికి వస్తుంది. అందరి ముందూ బరువు చూసి చదవడం మాత్రం చేయకూడదు. తరగతిలో తిండితో, ఒళ్లుతో లోలోపల పోరాడుతున్నవాళ్లు ఉండొచ్చు. వాళ్లను అక్కడ సిగ్గుపడేలా చేస్తే, రేపు వాళ్లు పేషెంట్లను సిగ్గుపరుస్తారు.

ఇంత చేస్తే ఫలితం ఉంటుందా అన్న అనుమానం న్యాయమైనదే. భోజనం వేళ రౌండ్లు, పరీక్షలు పెట్టకుండా ఆ సమయాన్ని కాపాడాలన్న విధానం బ్రిటన్ ఆసుపత్రుల్లో వచ్చింది. దాన్ని మాత్రమే అమలుచేసి వదిలేస్తే పేషెంట్లు ఎక్కువ తింటున్నారనడానికి దొరికిన రుజువులు బలహీనం. తలుపు మూయడంతో పని అయిపోదు, మూసిన తలుపు వెనక ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. మరోవైపు, స్విట్జర్లాండ్‌లోని ఎనిమిది ఆసుపత్రుల్లో రెండు వేల మందికి పైగా పేషెంట్లతో చేసి 2019లో ప్రచురించిన అధ్యయనం ఉంది. రిస్కులో ఉన్నవాళ్లను చేరగానే గుర్తించి, ఒక్కొక్కరికీ లక్ష్యం పెట్టి, తిన్నదెంతో చూసుకుంటూ డైటీషియన్ల పర్యవేక్షణలో పోషకాహారం ఇచ్చారు. 30 రోజుల్లో చనిపోయినవాళ్లు ఆ గుంపులో 7 శాతం, మామూలు ఆసుపత్రి భోజనం తిన్న గుంపులో 10 శాతం. ఏ కొత్త మందైనా వార్డులో ఇంత తేడా చూపిస్తే దాని పేరు అందరి నోటా నానేది. అయితే అక్కడ మొదటి మెట్టు గుర్తించడం. స్క్రీనింగ్ కాగితం నిజాయితీగా నింపే నర్సు లేకపోతే డైటీషియన్ దాకా ఎవరూ చేరరు.

పరీక్ష ఎలా పెడతామో విద్యార్థులు అలా చదువుతారు. విటమిన్ల పట్టిక అడిగితే పట్టిక చదువుతారు. 1975లో రొనాల్డ్ హార్డెన్ అనే వైద్య విద్యావేత్త మొదలుపెట్టిన ఆస్కీ (OSCE) అనే పరీక్ష పద్ధతిలో విద్యార్థి ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు వెళ్తూ, ప్రతిచోటా ఒక పని చేసి చూపించాలి. నర్సింగ్ కాలేజీలు ఇంజెక్షన్‌కు, డ్రెస్సింగ్‌కు ఈ స్టేషన్లు పెడుతున్నాయి. భోజనానికి కూడా ఒకటి పెట్టవచ్చు. ఒక మంచం, పేషెంటుగా నటించే ఒక మనిషి, బల్ల మీద మూత తియ్యని ట్రే, గోడకు మొన్నటి నుంచి ఖాళీగా ఉన్న ఫుడ్ ఛార్టు. సమయం ఎనిమిది నిమిషాలు. విద్యార్థికి ఇచ్చే చీటీలో ఒకటే వాక్యం: ‘ఈ పేషెంటు మధ్యాహ్న భోజనం మీ బాధ్యత.’ ఎగ్జామినర్ చేతిలోని మార్కుల కాగితంలో మొదటి గడి, బల్లను దగ్గరికి జరిపారా అన్నది. ఆఖరి గడి, సొరుగు తెరిచి చూశారా అన్నది.